పాత అమెరికా ఆర్కేడ్ క్యాబినెట్, జామ్మా మార్పిడి: ఏళ్ల వాడకం తర్వాత పవర్ వైపు సమీక్ష

నల్లగొండలో ఏళ్ల తరబడి నడుస్తున్న మెషిన్ ఇది. 1980ల నాటి అమెరికా ఆర్కేడ్ క్యాబినెట్ (నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టె), 19 అంగుళాల పిక్చర్ ట్యూబ్ మానిటర్. అసలు గేమ్ బోర్డు ఎప్పుడో తీసేసి జామ్మా హార్నెస్ (వేర్వేరు గేమ్ బోర్డులకు ఒకే కనెక్టర్ సరిపోయే ప్రామాణిక పద్ధతి వైర్ల కట్ట), చిన్న ఎస్‌ఎంపీఎస్ (మెయిన్స్ నుంచి బోర్డుకు 5, 12 వోల్టులిచ్చే పవర్ సప్లై), 60 గేముల బోర్డు పెట్టారు. చెక్క, బటన్లు, మానిటర్ మీద ఫిర్యాదేమీ లేదు. ఇలాంటిది కొనేవాళ్లు ముందు చూడాల్సింది అడుగు పలక మీదున్న పవర్ సామానును. అందులో కంపెనీది ఏది, తర్వాత తగిలించింది ఏది? ఈ మెషిన్‌లో ఇన్నేళ్లూ ఇబ్బంది పెట్టినవన్నీ తర్వాత వచ్చినవే. పాత ట్రాన్స్‌ఫార్మర్, లైన్ ఫిల్టర్ (మెయిన్స్ కరెంటులో గోల తగ్గించేది), ఫ్యూజ్ హోల్డర్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

పాత వైరును గుర్తుపట్టడం కష్టం కాదు. ఇన్సులేషన్ మీద అచ్చు చదవండి. ఏడబ్ల్యూఎం 1015, 18 ఏడబ్ల్యూజీ, 105 డిగ్రీలు అని ఉంటే దాదాపుగా కంపెనీదే. ఒక్కో లైనుకు ఒక్కో రంగు, చాలా వాటికి పక్కన గీత కూడా ఉంటుంది. కొసలు క్రింప్ పిన్నులతో నైలాన్ కనెక్టర్లలోకి పోతాయి. ఒలిచి చూస్తే పోగులు ఎక్కువగా తగరం పూతతో తెల్లగా కనిపిస్తాయి. తర్వాత వేసినది మామూలు ఎర్ర రాగి వైరు, మెలితిప్పి నల్ల టేపు చుట్టిన అతుకులు. మన మే నెల ఎండకు ఆ టేపు జిగురు కారిపోయి అతుకు విప్పుకుంటుంది. అలాంటివి కనపడితే టంకం పెట్టి హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడగాల్సిందే. ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్ల మీద నాలుగంకెల తేదీ కోడు వెతకండి. 8347 అని ఉంటే 1983లో 47వ వారం. భాగాల తేదీలన్నీ దగ్గర దగ్గరగా ఉంటే ఆ సెట్టు మొదటిదే అని నమ్మొచ్చు.

అసలు ప్రమాదం రంగుల దగ్గరుంది. అమెరికా వైరింగులో నలుపు ఫేజ్, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. మన పాత పద్ధతిలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్. త్రీపిన్ ప్లగ్ మార్చే ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ నలుపును న్యూట్రల్‌కు కలిపేస్తాడు. మెషిన్ మామూలుగానే ఆడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ స్విచ్, ఫ్యూజ్ రెండూ న్యూట్రల్‌లో పడిపోతాయి. ఆఫ్ చేశాక కూడా ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఫేజ్ నిలబడే ఉంటుంది. అప్పుడు ఫ్యూజ్ హోల్డర్ మీద టెస్టర్ పెడితే వెలుగుతుంది. ముందే తేల్చుకోవాలంటే ప్లగ్ పీకి, ఎల్ అని రాసున్న పిన్ను నుంచి ఫ్యూజ్ హోల్డర్‌కు మీటరుతో కంటిన్యుయిటీ (తెగకుండా కలిసి ఉందో లేదో) చూడండి, మోగాలి. ఎర్త్ పిన్ను నుంచి నాణేలు వేసే కాయిన్ డోర్‌కు, ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప చట్రానికి కూడా మోగాలి. గోడ సాకెట్‌లో ఫేజ్ కుడివైపే ఉందో లేదో చూడటం మరవద్దు.

వెనక తలుపు దగ్గర ఇంటర్‌లాక్ స్విచ్ (తలుపు తీయగానే కరెంటు ఆపేది) ఉంటే అది కంపెనీదే. మార్పిడి చేసేవాళ్లు దాన్ని తరచూ షార్ట్ చేసి వదిలేస్తారు. తిరిగి కలపండి, పిల్లలు తిరిగే చోట అది తప్పనిసరి.

మానిటర్‌కు ఇచ్చే కరెంటు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఆ కాలపు మానిటర్ ఛాసిస్‌లు (లోపలి సర్క్యూట్ బోర్డులు) చాలావరకు లోపలికొచ్చిన ఏసీ కరెంటును నేరుగా డయోడ్లకు ఇస్తాయి, అందుకే వాటికి మెయిన్స్‌తో నేరుగా కలవకుండా విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. బజారులో 230ని 110 చేసే కన్వర్టర్లు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు (ఇన్‌పుట్‌కు, అవుట్‌పుట్‌కు ఒకే చుట్టు ఉన్నవి), వాటిలో ఐసొలేషన్ ఉండదు. ప్లగ్ తీసి ఇన్‌పుట్ పిన్నుకు, అవుట్‌పుట్ పిన్నుకు మధ్య ఓమ్స్ కొలవండి. కొద్ది ఓమ్స్ చూపితే ఆటో, అసలేమీ చూపకపోతే వేరువేరు చుట్లు. ఆటోను నేరుగా మానిటర్‌కు కలిపితే జామ్మా 14వ పిన్ను వీడియో గ్రౌండ్ ద్వారా మెయిన్స్ గేమ్ బోర్డు గ్రౌండ్‌లోకి వస్తుంది. డయోడ్లు పేలతాయి, లేదా మెటల్ ప్యానెల్ షాక్ కొడుతుంది. అటారీ కంపెనీ క్యాబినెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే వోల్టేజ్ ఎంపిక ప్లగ్ ఉంటుంది, 240 ప్లగ్ దొరికితే కన్వర్టరే అక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మోటర్ వైండింగ్ షాపులో చుట్టించుకోవచ్చు, ప్రైమరీ, సెకండరీ విడివిడిగా చుట్టమని గట్టిగా చెప్పండి. లేబుల్ మీద 60 హెర్ట్జ్ మాత్రమే ఉంటే మన 50 హెర్ట్జ్‌లో అది ఎక్కువ వేడెక్కుతుంది. మార్క్యూ (పైన వెలిగే గేమ్ పేరు పలక) ట్యూబ్‌లైట్ చోక్‌దీ ఇదే కథ, దాన్ని తీసి ఎల్‌ఈడీ పట్టీ పెట్టడం మేలు.

బలహీనమైన భాగం ఎస్‌ఎంపీఎస్. వేసవి మధ్యాహ్నం గేమ్ దానంతటదే రీసెట్ అవుతుంటే ముందు 5 వోల్టులు కొలవండి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర కాదు, బోర్డు అంచు దగ్గర, గేమ్ ఆడుతుండగా. అక్కడ 4.95 నుంచి 5.05 ఉంటే బాగుంది. టెర్మినల్ దగ్గర 5.1, బోర్డు దగ్గర 4.8 ఉంటే తప్పు వైరుది, కనెక్టర్‌ది. జామ్మాలో 3, 4 పిన్నులు రెండు వైపులా 5 వోల్టులకు, 1, 2, 27, 28 రెండు వైపులా గ్రౌండ్‌కు. చవక హార్నెస్‌లలో ఒక్కో జతే కలిపి ఉంటుంది, ఆ పిన్నులే గోధుమరంగుకు మాడతాయి. ఎస్‌ఎంపీఎస్ మీదున్న పొటెన్షియోమీటర్ (వోల్టేజ్ సర్దే చిన్న మర) తిప్పి సరిపెట్టొద్దు. తర్వాత కనెక్టర్ పట్టు బాగుపడితే బోర్డుకు వోల్టేజ్ ఎక్కువైపోతుంది. ఉబ్బిన కెపాసిటర్ల స్థానంలో 105 డిగ్రీలవి వేయండి, ఎస్‌ఎంపీఎస్‌ను చెక్కకు ఆనకుండా రేకు మీద బిగించండి.

పాత రెగ్యులేటర్ బోర్డు, పెద్ద కెపాసిటర్ వాడకంలో లేకపోయినా పారేయొద్దు. అసలు గేమ్ బోర్డు దొరికిననాడు అవే కావాలి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 100 వాట్ల ఫిలమెంట్ బల్బును మెయిన్స్ లైనులో సిరీస్‌గా పెట్టి, కనెక్టర్లన్నీ విప్పి, ఒక్కొక్కటే కలుపుతూ పోండి. బల్బు మెరిసి మసకబారితే మంచిదే, నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్. మానిటర్ కలిపినప్పుడు డీగాస్ కాయిల్ (పిక్చర్ ట్యూబ్‌లో పేరుకున్న అయస్కాంతత్వం తీసే చుట్టు) వల్ల ఆ మెరుపు కాస్త ఎక్కువసేపుంటుంది. ఇక కాయిన్ డోర్ బల్బులు మాటిమాటికీ మాడుతుంటే అవి పాత 6.3 వోల్టులవై, 12కు కలిపి ఉంటారు. 12 వోల్టుల బల్బులు వేస్తే సరిపోతుంది.