మిగిలిన సవర్‌డో స్టార్టర్‌తో కాబ్లర్ చేయాలా, అట్టు పోయాలా?

సవర్‌డో స్టార్టర్ అంటే బ్రెడ్ పొంగడానికి పిండి, నీళ్లు కలిపి పులియబెట్టి ఉంచుకునే ముద్ద. విశాఖ ఉక్కకు అది ఇట్టే పులుస్తుంది. దానికి కొత్త పిండి వేసినప్పుడల్లా ఓ కప్పు మిగులుతుంది, పారేయబుద్ధి కాదు.

ఖర్చు: అట్టుకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి చాలు. కాబ్లర్‌కు (పళ్ల మీద పిండి వేసి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) వెన్న, పంచదార, నాలుగు సువర్ణరేఖ మామిడిపళ్లు కావాలి.

శ్రమ: అట్లు పది నిమిషాల పని. కాబ్లర్ 190 డిగ్రీల్లో 40 నిమిషాలు. మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు.

రిస్కు: అట్టుకు ఎంత పులిసినా పర్లేదు. కాబ్లర్ పిండిలో అర టీస్పూన్ వంటసోడా కలిపి వెంటనే ఓవెన్‌లో పెట్టాలి, ఆలస్యమైతే పొంగు చల్లారుతుంది. పళ్లలో రసం ఎక్కువుంటే చెంచా కార్న్‌ఫ్లోర్ వేయండి. ఓసారి నేను వేయలేదు. పైన బంగారు రంగు, గరిటె దించితే అడుగున జావ!

స్టార్టర్‌లో గులాబీ రంగు చారలు గానీ బూజు గానీ కనిపిస్తే రెండూ వద్దు.

పొద్దున్న టిఫిన్‌కైతే అట్టే. పళ్లు మెత్తబడి, సాయంత్రం చుట్టాలొస్తుంటే కాబ్లర్.