టెక్కా మార్కెట్: ఇంగ్లీషంటే బెరుకుంటే ముందు ఇక్కడికే రండి

సింగపూర్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు చేపలు, కూరగాయలు ఎక్కడ కొనాలని అడిగితే నేను చెప్పేది లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్. ఎమ్మార్టీ (ఇక్కడి మెట్రో రైలు) దిగి 'సి' ఎగ్జిట్‌లోంచి బయటికొస్తే పక్కనే. కింద చేపలు, మాంసం, కూరగాయలు, ఒకవైపు తిండి స్టాళ్లు. పైన బట్టల కొట్లు, టైలర్లు. ఈ భవనం 1982 నుంచీ ఉంది.

సరుకు బాగుంటుంది, అది వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది అక్కడి ఇంగ్లీషు గురించి.

ఈ దేశానికి అధికార భాషలు నాలుగు: మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లీషు. వాటిలో మనది లేదు కాబట్టి ఎవరితో బేరమాడాలన్నా మనకు ఇంగ్లీషే దిక్కు. పిల్లలంతా ఇంగ్లీషు మీడియంలో చదువుకోవడం ఇక్కడ 1987 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంతకు ముందు తరం వాళ్లకి బజారు భాష మలయ్. ఆ తరం పెద్దవాళ్లు టెక్కాలో ఇంకా కొట్ల మీద కూర్చుంటున్నారు. నేను చేపలు కొనే చైనీస్ పెద్దాయన ఎదురు కొట్టు ఆవిడతో మలయ్‌లో కబుర్లు చెప్తూనే మాతో ఇంగ్లీషులో లెక్క చెప్తాడు. ఆయనకి వచ్చింది నాలుగు ముక్కలు. కొనేవాళ్లలో చాలామందికీ అంతే. ఒకరి మాట ఒకరు దిద్దరు, నవ్వరు. అర్థం కాకపోతే ఇంకోసారి అడుగుతారు, అంతే.

మా అత్తగారిది భీమవరం. చేప దగ్గర ఆవిడ్ని ఎవరూ బురిడీ కొట్టించలేరు గానీ ఇంగ్లీషు రాదు. ఇక్కడికొచ్చినప్పుడు ఆవిడే పండుగొప్ప మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి చూసి, "ఇది" అంది. "కర్రీ? స్టీమ్?" అన్నాడాయన. "కర్రీ" అని, ముక్క ఎంత మందం కావాలో రెండు వేళ్లతో చూపించింది. ఒక ముక్క కోసి ఆవిడ ముందు పెట్టాడు. తలూపాక మిగతా చేపంతా అదే మందంలో కోశాడు. తలకాయ ఎత్తి చూపించి "వాంట్?" అన్నాడు. "వాంట్, వాంట్" అంది అత్తయ్య! ఆ రోజు పులుసు ముక్కలు ఒక్కటీ చిదరలేదు.

నేను తెలుగు మీడియంలో చదివి ఆఫీసు ఉద్యోగంలోకి వచ్చినదాన్ని. ఉచ్చారణను బట్టి మనిషి తెలివిని అంచనా కట్టేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. పని జరిగేలా మాట్లాడటమే వ్యాపారంలో భాష అయితే, ఆ పెద్దాయన మా మీటింగుల్లో సగం మందికి పాఠం చెప్పగలడు. మొహమాటం పోవాలంటే డబ్బు పోసి క్లాసుల్లో చేరేముందు కొన్ని వారాలు ఇక్కడ సొంతంగా కూరగాయలు కొనండి.

తిండి వైపు బిర్యానీ, పరోటా బాగుంటాయి. తిన్నాక ట్రే తీసుకెళ్లి మనమే పెట్టాలి. హలాల్ గిన్నెలు పెట్టే చోటు వేరు, మిగతావి పెట్టే చోటు వేరు. బోర్డు చదివి పెట్టండి, ఇక్కడ అది పట్టింపుగా చూస్తారు.

ఇబ్బందులూ ఉన్నాయి. చేపల వైపు నేలంతా తడి, పెద్దవాళ్లని చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఆదివారం జనం విపరీతం. సోమవారం చేపల కొట్లు చాలావరకు మూసేస్తారు. మధ్యాహ్నానికి మంచి సరుకు అయిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. ధర ముందే అడగండి, కొట్టుకీ కొట్టుకీ తేడా ఉంటుంది. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, నోట్లు దగ్గర ఉంచుకోండి. గోంగూర లాంటివి పేరు చెప్తే దొరక్కపోవచ్చు, ఫోన్లో ఆకు ఫొటో చూపిస్తే ఏ కొట్లో ఉందో వాళ్లే చెప్తారు.