ఇంజిన్ కవర్లు విప్పే నైలాన్ సెట్టు: అయిదింటిలో పనికొచ్చేవి రెండే

ఆన్‌లైన్‌లో అయిదొందల లోపు దొరికే అయిదు ముక్కల నైలాన్ పనిముట్ల సెట్టు గురించి ఇది. ఎవరి పేరుతో అమ్మినా అచ్చు దాదాపు ఒకటే: వెడల్పాటి చదునువి రెండు, కొన వంగినది ఒకటి, పాము నాలుకలా చీలినది ఒకటి, సన్న కొక్కెం ఒకటి. డోర్ ప్యానెళ్ల కోసం తయారైనా, ఇంట్లో సొంతంగా ఆయిలూ ఫిల్టరూ మార్చుకునేవాళ్లకు ఇంజిన్ కవర్ల దగ్గరే ఎక్కువ అక్కరకొస్తుంది. కొనొచ్చు. కానీ దేన్ని ఎక్కడ వాడకూడదో తెలిశాకే కొనాలి.

ముందు పై కవరు. బానెట్ ఎత్తగానే కనబడే ఈ నల్ల ప్లాస్టిక్‌కు చాలా కార్లలో బోల్టులే ఉండవు. ఇంజిన్ మీదున్న గుండుతల పిన్నులను కవరు అడుగునున్న రబ్బరు బుష్షులు పట్టుకుని ఉంటాయి. ఒక మూలను రెండు చేతులతో పట్టి నిటారుగా పైకి లాగితే టప్పున ఊడొస్తుంది, తర్వాత పక్క మూల. ఇక్కడ సెట్టులోని ఏ ముక్కా అక్కర్లేదు. సందులో దూర్చి ఎత్తితే బలం పక్కకు పడుతుంది, బుష్షు కూర్చునే ప్లాస్టిక్ గూడు చీలుతుంది. పనిముట్టు నైలాన్‌దైనా ఇనుముదైనా జరిగేది అదే. కొన్ని కవర్లకు ముందువైపు బుష్షులు, వెనక కొక్కేలు ఉంటాయి. ముందుభాగం ఎత్తి, ఆపైన మన వైపుకు జరపాలి. ఒక్కసారే పైకి గుంజితే వెనక కొక్కేలు విరుగుతాయి. బోల్టులున్న రకమైతే ఎక్కువగా పది నంబరు సాకెట్టో, అలెన్ కీయో చాలు.

ఆయిల్ మూత కవరు మధ్యలోంచి పైకి వచ్చి ఉంటే, మూత తిప్పి తీసి, కవరు ఎత్తి, వెంటనే మూత మళ్లీ బిగించాలి. ఆ రంధ్రంలోకి ఒక్క క్లిప్పు ముక్క పడినా ఇంజిన్ పై భాగం విప్పాల్సి రావచ్చు. ఎయిర్ ఫిల్టర్ డబ్బానే కవరుగా ఉన్న బండ్లలో ముందు సెన్సర్ కనెక్టరూ బ్రీదర్ పైపూ (ఇంజిన్ లోపలి ఆవిర్లు పోయే గొట్టం) విడదీయాలి. తిరుమల ఘాట్ దిగొచ్చిన బండి మీద వెంటనే చెయ్యి పెట్టొద్దు. ఆ వేడికి చెయ్యి కాలుతుంది. గంటసేపు చల్లారనివ్వండి.

సెట్టు విలువ తెలిసేది ఇంజిన్ కింద, ప్లాస్టిక్ క్లిప్పులతో, బోల్టులతో బిగించి ఉండే అడుగు కవరు దగ్గర. రేణిగుంట రోడ్డు దుమ్ము, నవంబరు వానల బురద, పల్లె దారుల స్పీడ్ బ్రేకర్ల గీతలు అన్నీ దాని మీదే. తిరుపతిలో 2021 నవంబరులో వచ్చిన వరదల్లాంటప్పుడు నీళ్లలో నిలిచిన బండికైతే కవరు లోపల బురద పేరుకుని గట్టిపడుతుంది. అందుకే ముందు నీళ్లు కొట్టి, పాత టూత్ బ్రష్‌తో ప్రతి క్లిప్పు తల చుట్టూ రుద్దాలి. మట్టి ఇరుక్కుంటే నడిమి పిన్ను జరగదు, జరగని పిన్నును ఎత్తితే తల తెగుతుంది. కారు కిందికి దూరేముందు జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు. చదును నేల మీద రెండు వైపులా జాకీ స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డు తప్పనిసరి.

క్లిప్పుల్లో రెండు రకాలు. ఒకదానికి నడిమి పిన్ను పైకి లేవాలి: చీలిన ముక్కను పిన్ను తల కింద దూర్చి కొంచెం ఎత్తి, పిన్ను వచ్చాక మొత్తం క్లిప్పు లాగాలి. రెండోదానికి పిన్నును రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి నొక్కాలి; దాన్ని ఎత్తబోతే విరిగేది క్లిప్పే. తలకు ప్లస్ గాడి ఉంటే స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పి చూడండి. చీలిన ముక్కకు ఇంకో పెద్ద ఉపయోగం కూడా ఉంది. బోల్టు ఊరికే తిరుగుతూ బయటికి రాకపోతే దాని వెనక ఉన్న రేకు నట్టు తుప్పుపట్టి వదులైందన్నమాట. కవరుకూ బాడీకీ మధ్య ఈ ముక్క దూర్చి కిందికి ఒత్తిపట్టి తిప్పితే మర పట్టుకుని బయటికి వస్తుంది.

వెడల్పాటి ముక్కల్లో ఒకటి కవరు అంచును బంపరు కింది నుంచి జార్చడానికి బాగుంది. సన్న కొక్కెం మాత్రం బిగుసుకున్న క్లిప్పు దగ్గర వంగిపోతుంది, కొన వంగినదానికి ఈ పనిలో చోటే లేదు. కాబట్టి ఇంతకన్నా పెద్దదైన పదకొండు ముక్కల సెట్టుకు డబ్బు పెట్టే బదులు, ఆ తేడాతో ఇనుప క్లిప్ ప్లయర్ ఒకటి కొనుక్కోవడం మేలు. అది క్లిప్పు తలను రెండు వైపులా సమంగా ఎత్తుతుంది.

తిరిగి బిగించేటప్పుడు బుష్షులకు కొబ్బరి నూనె, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బి వదులవుతుంది. సిలికాన్ గ్రీజు చాలు, అదీ లేకపోతే సబ్బునీళ్లు. బుష్షు కవరులో కాక పిన్ను మీదే ఉండిపోయిందేమో చూసుకోవాలి. ఒక్కటి తగ్గినా కవరు గడగడలాడుతుంది. అడుగు బోల్టులన్నీ ముందు చేత్తో రెండు మూడు చుట్లు పట్టించి, తర్వాతే పానా తీయండి. ప్లాస్టిక్ మీద బోల్టు ఆనిన తర్వాత పావు చుట్టు మించొద్దు. పాత క్లిప్పు ఒకటి జేబులో వేసుకుని షాపుకు వెళ్లండి. కార్లలో రంధ్రాలు తరచుగా 6, 8, 10 మిల్లీమీటర్లుంటాయి, కంటితో చూస్తే తేడా తెలియదు. కొనేటప్పుడు అరడజను అదనంగా తీసుకోండి.