హేగ్ కోర్టులా, ఆయుధాలు పంపే దేశాల కోర్టులా: పాలస్తీనీయుల న్యాయానికి ఏది మేలు?

పాలస్తీనీయులకు జరిగిన అన్యాయానికి బాధ్యులెవరో తేల్చమని అడగడానికి ఇప్పుడు ముఖ్యంగా మూడు చోట్లు ఉన్నాయి. దేశాల మధ్య వివాదాలను విచారించే అంతర్జాతీయ న్యాయస్థానం, వ్యక్తులపై నేర విచారణ జరిపే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు రెండూ హేగ్ నగరంలోనే ఉన్నాయి. మూడోది, ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపే దేశాల సొంత న్యాయస్థానాలు. పేర్లు దగ్గరగా ఉండటంతో మొదటి రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు గానీ, వాటి అధికారాలూ పరిమితులూ పూర్తిగా వేరు.

అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చే మాటకున్న బరువు మరే కోర్టు మాటకూ లేదు. వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కడుతున్న గోడ అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని, ఆక్రమిత భూమిలో కట్టిన మేరకు దాన్ని కూల్చి, నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని 2004 జులై 9న 14–1 తేడాతో సలహా రూపంలో అభిప్రాయం చెప్పింది. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి వియన్నాలో ఒక నష్టాల రిజిస్టరు తెరిచింది. గోడ కోసం పెకలించిన ఆలివ్ చెట్లు, అవతలి వైపు ఉండిపోయిన పొలం, అందకుండా పోయిన బావి వంటి నష్టాలను రైతులు దరఖాస్తుల్లో రాసి ఇస్తే అక్కడ నమోదు చేస్తారు. నమోదు చేయడం వరకే దాని పని. పరిహారం చెల్లించే అధికారం దానికి లేదు. ఇరవై ఏళ్లు దాటినా గోడ నిలిచే ఉంది. 2024 జులై 19న అదే న్యాయస్థానం మరింత ముందుకు వెళ్లి, ఆక్రమిత ప్రాంతంలో ఇజ్రాయెల్ కొనసాగడమే చట్టవిరుద్ధమని, ఆ పరిస్థితి కొనసాగడానికి ఏ దేశమూ తోడ్పడరాదని తేల్చింది. దక్షిణాఫ్రికా ఇజ్రాయెల్‌పై 2023 డిసెంబరులో వేసిన జాతి నిర్మూలన కేసులో ఇచ్చిన మధ్యంతర ఆదేశాలకు భారత న్యాయమూర్తి దల్వీర్ భండారీ కూడా అనుకూలంగా ఓటు వేశారు. అవి పాటించి తీరవలసిన ఆదేశాలే. కానీ పాటింపజేయవలసింది భద్రతామండలి, అక్కడ అమెరికా చేతిలో వీటో ఉంది.

క్రిమినల్ కోర్టు విషయంలో ఇబ్బంది మరోలా ఉంటుంది. పాలస్తీనా 2015లో సభ్యత్వం పొందడం వల్లనే గాజా, వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలెం ఆ కోర్టు పరిధిలోకి వచ్చాయి. 2023 అక్టోబరు 7 దాడులకు హమాస్ నాయకులను, ఆ తర్వాతి యుద్ధానికి ఇజ్రాయెల్ నాయకులను ఒకే చట్టం కింద నిలబెట్టగల వేదిక ఇది. దీని నైతిక బలమంతా ఇందులోనే ఉందని నా నమ్మకం. 2024 నవంబరు 21న ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణమంత్రి గాలంట్, హమాస్ సైనిక నాయకుడు మొహమ్మద్ దైఫ్‌లపై అరెస్టు వారెంట్లు వెలువడ్డాయి. కానీ కోర్టుకు సొంత పోలీసులు లేరు. 2025 ఏప్రిల్‌లో నెతన్యాహు వచ్చినప్పుడు సభ్యదేశమైన హంగరీ ఆయనను అరెస్టు చేయకపోగా, కోర్టు నుంచే వైదొలగుతామని ప్రకటించింది. అమెరికా అయితే కోర్టు అధికారులపైనే ఆంక్షలు పెట్టింది.

ఇక మూడో దారి. ఎఫ్-35 యుద్ధవిమానాల విడిభాగాలను ఇజ్రాయెల్‌కు పంపడం ఆపాలని కోరుతూ మూడు స్వచ్ఛంద సంస్థలు నెదర్లాండ్స్ ప్రభుత్వంపై దావా వేశాయి. 2024 ఫిబ్రవరి 12న ఆ దేశపు సొంత కోర్టయిన హేగ్ అప్పీలు కోర్టు ఏడు రోజుల్లోగా ఆ ఎగుమతిని ఆపాలని ఆదేశించింది. 2025 అక్టోబరులో డచ్ సుప్రీంకోర్టు ఆ నిర్ణయం మంత్రి తీసుకోవలసిందని చెబుతూనే, లైసెన్సును ఆరు వారాల్లో పునఃపరిశీలించాలని, అప్పటిదాకా నిషేధం కొనసాగాలని తీర్పిచ్చింది. అన్నిచోట్లా ఇలా జరగలేదు. రమల్లాకు చెందిన పాలస్తీనా మానవ హక్కుల సంస్థ అల్-హక్ వేసిన ఇటువంటి వ్యాజ్యాన్నే లండన్ హైకోర్టు 2025 జూన్ 30న కొట్టివేసింది. మన సుప్రీంకోర్టు కూడా 2024 సెప్టెంబరులో విదేశాంగ విధానంలో తలదూర్చలేమంటూ ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతి లైసెన్సులపై వచ్చిన పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ భాగస్వామ్యంతో హెర్మెస్ 900 డ్రోన్లకు సంబంధించిన కర్మాగారం 2018లో ప్రారంభమైంది హైదరాబాద్‌లోనే కనుక, ఆ పిటిషన్ మనకు దూరపు సంగతేమీ కాదు.

ఈ మూడింటిలో ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను మూడోదానివైపే మొగ్గుతాను. గోడపై చెప్పిన అభిప్రాయం ఇరవై ఏళ్లుగా అమలుకు నోచుకోలేదు. డచ్ తీర్పు ఒక గిడ్డంగి నుంచి బయలుదేరే విడిభాగాలను వారంలో ఆపమంది. అవే భాగాలు మరో దేశం మీదుగా చేరే అవకాశం ఉందన్నది నిజమే. అయినా సంతకం పెట్టిన అధికారిని అతని దేశపు చట్టం ముందే నిలదీయడం ఇక్కడ సాధ్యమవుతుంది. అయితే ఆ దావా దేని మీద నిలబడుతుంది? ఏ దేశమూ ఈ ఆక్రమణకు తోడ్పడరాదన్న 2024 అభిప్రాయమే ఇకపై వేసే ప్రతి దావాకూ పునాది. దానికి కావలసిన సాక్ష్యం మాత్రం రైతుల దరఖాస్తుల నుంచి, క్షేత్రస్థాయి సంస్థలు సేకరించే వాంగ్మూలాల నుంచి రావాలి. అందుకే 2021లో అల్-హక్‌తో సహా ఆరు పాలస్తీనా సంస్థలపై ఇజ్రాయెల్ ఉగ్రవాద ముద్ర వేయడాన్ని, 2025లో అమెరికా అల్-హక్‌పై ఆంక్షలు పెట్టడాన్ని, ఈ మూడు దారులనూ ఒకేసారి మూసే ప్రయత్నంగానే చూడాలి.