కేబీసీ హాట్ సీట్: ఆపేయాలా, ఆడాలా?

2000లో మొదలైన కౌన్ బనేగా కరోడ్‌పతి ముందు ఇప్పటికీ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టేది ఈ సందేహమే. మెట్లు 3.20, 6.40, 12.50, 25, 50 లక్షలుగా సాగిన సీజన్ల లెక్క చూద్దాం.

3.20 గెలిచాక అంతకు తగ్గదు; అక్కడ ఆపినా, తర్వాతి ప్రశ్నకు తప్పు చెప్పినా అదే డబ్బు. కళ్లు మూసుకుని ఆడాల్సిందే.

అసలు బిగువు 12.50 దగ్గర.
ఆపేస్తే: 12.50 ఖాయం.
ఆడితే: సరైతే 25, తప్పితే 3.20. అంటే 9.30 పోతుంది.

43 శాతం నమ్మకముంటే ఆడటం లెక్కకు లాభమే. 6.40 దగ్గర 35 చాలు, 25 దగ్గర 47 కావాలి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి చెబితే సరయ్యే అవకాశం 25 శాతం. రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తెలిస్తే 50. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: "ఎక్కడో విన్నట్టుంది" అన్నదాన్ని తెలిసినట్టే లెక్కేస్తారు. వినడం వేరు, తెలియడం వేరు.

పన్ను రెండువైపులా ఒకటే శాతం, తూకం మారదు.

12.50తో అప్పు తీరిపోయే ఇంటివాళ్లయితే ఆపేయాలి, శాతాలు ఏం చెప్పినా సరే. 3.20కి జారినా ఇల్లు గడిచేవాళ్లు, రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ఆడొచ్చు.

ఆపేశాక అమితాబ్ "ఆడుంటే ఏది చెప్పేవారు?" అని అడుగుతారు. అది సరైనదని తేలితే, టీవీ ముందున్న మనమే "అయ్యో!" అంటాం.