అలవాట్లు మార్చే యాప్: ఐదు నెలల వాడకం తరువాత

చెడు అలవాటును మాన్పించి దాని చోట మంచి అలవాటును నిలబెడతామని చెప్పుకునే యాప్‌లలో ఒకదానికి ఏడాది చందా కట్టి, ఐదు నెలలు రోజూ వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. దాని పేరు చెప్పడం లేదు. ఈ రకం యాప్‌లు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి కనుక, ఇక్కడి మంచిచెడ్డలు మీరు వాడుతున్న దానికీ ఎంతోకొంత వర్తించవచ్చు. నేను మార్చుకోదలచినవి రెండు: పడుకునే ముందు గంటకు పైగా ఫోన్ చూడడం, పని మధ్యలో గోళ్ళు కొరకడం. మొదటిది నా నిద్రనూ, దానితోపాటు తెల్లవారి చేయవలసిన రాతపనినీ తినేస్తోంది. రెండవ దానివల్ల నష్టమేమీ లేదనే చాలాకాలం అనుకున్నాను, నలుగురిలో చేతులు దాచుకోవడం మొదలయ్యేదాకా.

కొత్తగా ఒక అలవాటును నమోదు చేయబోతే యాప్ మూడు గడులు చూపుతుంది: ఏది మానాలి, అది ఎప్పుడు ఎక్కడ మొదలవుతుంది, దానికి బదులు ఏం చేస్తారు. ఈ యాప్‌లో డబ్బు పెట్టదగ్గది ఏదైనా ఉంటే ఆ మూడో గడే. అయితే దాన్ని ఎలా నింపాలో ఎక్కడా చెప్పరు. నేను మొదట "ఫోన్ చూడను" అని రాశాను; యాప్ ఏ అభ్యంతరమూ లేకుండా ఆకుపచ్చ టిక్కు పెట్టి లోపలికి పంపింది. రెండు వారాలు గడిచినా ఏమీ మారలేదు. చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆ గంటసేపు మరేం చేయాలో ఆ వాక్యంలో లేదు కదా. తరువాత దాన్ని కొట్టేసి, "పళ్ళు తోముకుని బయటికి రాగానే ఫోన్‌ను హాలులో ఛార్జింగ్‌కు పెట్టి, మంచం పక్కనున్న పుస్తకం తీస్తాను" అని రాసుకున్నాను. ఆ వారంలోనే నాలుగు రాత్రులు ఫోన్ హాలులో ఉండిపోయింది. ఫలానా సందర్భం ఎదురైతే ఫలానా పని చేస్తానని ముందే నిర్ణయించుకున్నవారు, ఊరికే సంకల్పం చెప్పుకున్నవారి కన్నా ఎక్కువగా ఆ పని చేయగలుగుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్విట్జర్ 1990లలోనే చూపారు. యాప్ తయారుచేసినవారికి ఈ సంగతి తెలిసే ఉండాలి, లేకపోతే ఆ గడి పెట్టేవారు కారు. ఉదాహరణగా ఒక్క వాక్యం చూపి ఉంటే నా రెండు వారాలు మిగిలేవి.

గోళ్ళ విషయంలో యాప్ నిజంగా ఉపకరించింది. తెర మీద ఒక పెద్ద గుండ్రని బటన్ ఉంటుంది. కొరకాలనిపించిన ప్రతిసారీ దాన్ని నొక్కితే సమయం నమోదవుతుంది. మొదటి రోజు ముప్పై ఒక్కసార్లు నొక్కాను. సగానికి పైగా మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్యవే. అంటే కంప్యూటర్ ముందు పొడవాటి ఫైళ్ళు చదివే వేళ. ఆందోళన వల్ల కొరుకుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను, తీరా చూస్తే అది విసుగు. 1973లో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ ప్రతిపాదించిన చికిత్సా పద్ధతి కూడా ఇలాగే, ముందు అలవాటును గమనించడంతో మొదలవుతుంది. ఆ తరువాత, చేయి నోటి దగ్గరికి పోబోయినప్పుడల్లా పిడికిలి బిగించడం వంటి, రెండూ ఒకేసారి చేయడం కుదరని పనిని సుమారు మూడు నిమిషాలు చేయమంటుంది. మూడో గడిలో నేను రాసుకున్నదీ పిడికిలే. నాలుగో నెలకు లెక్క రోజుకు రెండు, మూడుకు దిగింది.

ఇక ఫిర్యాదు. ఈ యాప్ తన ప్రతిష్ఠనంతా వరుస రోజుల లెక్క మీద పెట్టింది: రోజు తప్పకుండా టిక్కు పెడితే అంకె పెరుగుతుంది, ఒక్కరోజు తప్పితే సున్నాకు పడిపోతుంది. రాత్రి పన్నెండు లోపు టిక్కు పెట్టాలి, మరునాడు దిద్దుకునే వీలు లేదు. ఫోన్ చూడని రాత్రికి టిక్కు పెట్టాలంటే ఫోన్ తీయాలన్న మాట! పైగా సరిగ్గా పది గంటలకు "ఈ రోజు ఫోన్ పక్కన పెట్టారా?" అని ఫోన్‌లోనే సందేశం మోగుతుంది. నలభై ఏడవ రాత్రి నేను ఫోన్‌ను హాలులో వదిలి, పుస్తకం చదువుతూ నిద్రపోయాను. అంటే ఆ రోజు చేయవలసింది ముమ్మూర్తులా చేశాను. ఉదయం చూస్తే అంకె సున్నా. ఆ కోపంతో ఆ రాత్రి గంటన్నర ఫోన్ చూశానని ఒప్పుకోవలసిందే.

ఆ సున్నాకు శాస్త్రీయమైన ఆధారమూ లేదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అవకాశం ఒక్కసారి తప్పిపోయినంత మాత్రాన అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగ్గ ఆటంకం కలగలేదు. అదే అధ్యయనం అంచనా ప్రకారం, ఒక పని అలవాటుగా స్థిరపడడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుంది. మధ్యస్థం 66 రోజులు. ఈ యాప్ మాత్రం 21వ రోజున కాగితపు పూలు రాల్చి "మీ అలవాటు స్థిరపడింది" అని ప్రకటిస్తుంది. ఆ 21కి మూలం 1960లో ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ రాసిన ఒక పరిశీలన. రోగులు శస్త్రచికిత్స తరువాత తమ కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం అన్ని రోజులు పడుతుందని ఆయన గమనించారు. "కనీసం" అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది.

మిగిలిన హంగుల గురించి చెప్పవలసింది తక్కువే. వారపు నివేదికలోని గీతలు ముచ్చటగా ఉంటాయి కానీ బటన్ లెక్కల్లో లేనిదేదీ చెప్పవు. ఇతర వాడుకరుల విజయాలు చూపే పేజీని మొదటి వారమే మూసేశాను. ఫోన్ తగ్గించుకోవడానికి వచ్చినవారికి వేలితో జరుపుకుంటూ పోయే మరో పేజీ ఎందుకో అర్థం కాలేదు.

ఐదింటికి మూడు మార్కులు ఇస్తున్నాను. ఆ మూడూ మూడో గడికీ, గుండ్రని బటన్‌కూ చెందుతాయి. మానదలచినది ఫోన్‌కు సంబంధించినదే అయితే మాత్రం రెండుకు మించి ఇవ్వలేను. చందా పొడిగించే ఉద్దేశం లేదు. గోళ్ళ లెక్కకు ఉచిత భాగం సరిపోతుంది. రాత్రి టిక్కులు ఇప్పుడు మంచం పక్కనున్న పుస్తకం చివరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో పెడుతున్నాను. మరిచిపోతే ఉదయం పెడతాను.