కండరాల బిగుతుకు బాక్లోఫెన్: మాత్రలా, వెన్నులోకి పంపా?

వెన్నుపాము దెబ్బతినడం వల్లనో, సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడే స్థితి) వల్లనో కాళ్లు కొయ్యబారిన మనిషి ఉన్న ఇంట్లో ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది: కండరాలను సడలించే బాక్లోఫెన్ మందును మాత్రగా మింగాలా, లేక పొట్ట చర్మం కింద అమర్చి సన్నని గొట్టంతో వెన్నులోకి మందు వదిలే చిన్న యంత్రం, అంటే పంపు, పెట్టించుకోవాలా?

ఖర్చు: మాత్రలు మందుల షాపులోనే దొరుకుతాయి. పంపుకు శస్త్రచికిత్స కావాలి, కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోయాక పంపునే మార్చాలి.

ఫలితం: మాత్ర ఒళ్లంతా పాకి మగత తెస్తుంది. పంపు మందును నేరుగా వెన్ను ద్రవంలోకి వదులుతుంది కనుక మిల్లీగ్రాముల చోట మైక్రోగ్రాములు సరిపోతాయి.

ప్రమాదం: అసలు ఆలోచించవలసింది ఇక్కడే. మాత్రలు హఠాత్తుగా మానినా మూర్ఛ, భ్రమలు రావచ్చు. మూత్రపిండాలు బలహీనమైతే మందు ఒంట్లో పేరుకుంటుంది. పంపుతో ఇబ్బందులు అరుదే గాని తీవ్రమైనవి. గొట్టం మెలిపడినా, తెగినా, మందు నింపడం ఆలస్యమైనా, మొదట దద్దుర్లు లేని దురద, పాత బిగుతు తిరిగి రావడం కనిపించి, తర్వాత తీవ్ర జ్వరం, కండరాలు కరిగిపోవడం, ప్రాణాపాయం దాకా పోవచ్చు. మోతాదు మించితే శ్వాస మందగించి స్పృహ తప్పుతుంది. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకే అవకాశమూ ఉంది. ఆ దురదను చెమటకాయలని కొట్టిపారేయవద్దని ఇంటివారిని గట్టిగా కోరుతున్నాను.

శ్రమ: పంపును కొన్ని వారాలకో నెలలకో తప్పక నింపించాలి. అనంతపురంవారు అందుకు బెంగళూరు వెళ్లాలంటే 200 కిలోమీటర్లకు పైనే.

మాత్రలతో నెట్టుకురాగలిగినవారికి, గడువుకు ప్రయాణం చేయలేనివారికి మాత్రలే తగినవి. గరిష్ఠ మోతాదుకూ లొంగని బిగుతు ఉండి, పరీక్షగా వెన్నులోకి ఇచ్చిన ఇంజెక్షన్‌కు కాళ్లు సడలి, వెంట నడిచే మనిషి ఉన్నవారికి పంపు తగినది.